ఎముక సాంద్రత పరీక్ష: తిరుపతి, చిత్తూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ గదిలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. బల్ల మీద పడుకున్న పది పదిహేను నిమిషాల్లో దాదాపు అందరూ ఇవే ప్రశ్నలు అడుగుతారు. బయట మరొకరు ఎదురుచూస్తుంటారు కనుక అక్కడ తృప్తిగా జవాబు చెప్పలేకపోతున్నాను. ఆ జవాబులను ఇక్కడ తీరికగా రాస్తున్నాను. నేను వైద్యురాలిని కాను. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ వైద్యులే నిర్ణయించాలి.

ఎముకలు గుల్లబారడం అంటే ఏమిటి? ముందుగా నొప్పితో తెలుస్తుందా?

ఎముక ఎండు కర్ర కాదు, ప్రాణమున్న కణజాలం. రోజూ పాత ఎముక కొంత కరుగుతూ, ఆ చోట కొత్తది ఏర్పడుతూ ఉంటుంది. ముప్పై ఏళ్ల వయసు వరకు చేరేది ఎక్కువ, కరిగేది తక్కువ. ఆ తర్వాత లెక్క మెల్లగా తిరగబడుతుంది. స్త్రీలలో ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గడంతో, మొదటి ఐదు నుంచి ఏడేళ్లలో కరుగుదల చాలా వేగంగా సాగుతుంది. పైకి ఎముక ఆకారం మారదు. లోపలి అల్లిక మాత్రం పలచబడి, చెదలు తిన్న దూలంలా తయారవుతుంది. దీనినే ఆస్టియోపోరోసిస్ అంటారు.

విరిగేదాకా నొప్పి ఉండదు. వెన్నుపూస అణిగిపోయినప్పుడు కొందరికి నడుములో ఒక్కసారిగా నొప్పి వస్తుంది. చాలామందికి అదీ తెలియదు. ఎత్తు తగ్గడం, వీపు వంగడం మాత్రమే కనిపిస్తాయి. వయసు మీద పడింది, గూని వచ్చింది అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. చీర కుచ్చిళ్లు ఈమధ్య నేలకు తగులుతున్నాయనీ, ఎప్పుడూ అందే అటక మీది డబ్బా ఇప్పుడు అందడం లేదనీ మాటల్లో చెప్పిన తల్లులు ఉన్నారు. అలాంటి మాట వినగానే నేను ఎత్తు కొలుస్తాను. పడుచు వయసులో ఉన్నదానికంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గి ఉంటే వెన్నెముకను తప్పకుండా చూడాలి.

మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఈ పరీక్షలో కారణం తెలుస్తుందా?

తెలియదు. మోకాళ్ల నొప్పి ఎక్కువగా కీలులోని మృదులాస్థి అరగడం వల్ల వస్తుంది. అది వేరు, ఎముక గుల్లబారడం వేరు. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు, కానీ ఒకటి చూసే పరీక్షలో రెండోది కనబడదు.

ఎవరు చేయించుకోవాలి?

ఏ ఇబ్బందీ లేకపోయినా 65 ఏళ్లు నిండిన స్త్రీలు, 70 నిండిన పురుషులు ఒకసారి చేయించుకోవడం మంచిది. కింద చెప్పినవాటిలో ఏది ఉన్నా ఆ వయసు వచ్చేదాకా ఆగకూడదు.

మొదటిది, 45 ఏళ్లలోపే ముట్లు ఆగిపోవడం. ఇది మన రాష్ట్రంలో గట్టిగా చెప్పాల్సిన విషయం. గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు ఎక్కువగా జరిగిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ముందువరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపిస్తున్నాయి. ముప్పై అయిదు, నలభై ఏళ్లకే ఆపరేషన్ అయిన స్త్రీలు మా దగ్గరకు వస్తారు. అండాశయాలు కూడా తీశారా అని అడిగితే చాలామంది తెలియదంటారు. తీసి ఉంటే ఆ రోజు నుంచే ఎముక వేగంగా కరగడం మొదలవుతుంది. గర్భసంచి ఒక్కటే తీసినా, అండాశయాలు కొంత ముందుగా పనిచేయడం మానేసే అవకాశం ఉంది. ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం ఉంటే వెతికి తీయండి, అందులో రాసి ఉంటుంది.

రెండవది స్టెరాయిడ్లు. ఆయాసానికో, కీళ్లవాతానికో, చర్మ వ్యాధికో ప్రెడ్నిసొలోన్ మాత్రలు మూడు నెలలు, అంతకు మించి వాడినవారు తప్పక చేయించుకోవాలి. పేరు, కూర్పు రాయకుండా పొట్లాల్లో ఇచ్చే నొప్పుల పొడులతో కూడా జాగ్రత్త. అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపి ఉన్న సందర్భాలు బయటపడ్డాయి. తిన్న రెండు రోజుల్లో నొప్పంతా మాయమై, ఆకలి పెరిగి, ముఖం ఉబ్బుతూ ఉంటే ఆ పొట్లాన్ని వైద్యులకు చూపించండి. ఏళ్ల తరబడి వాడుతున్నవారు ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే.

ఇవి కాక, తల్లికో తండ్రికో తుంటి ఎముక విరిగిన చరిత్ర, మరీ సన్నటి శరీరం, బీడీ, సిగరెట్, మద్యం, థైరాయిడ్ లేదా పారాథైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, మూర్ఛకు ఏళ్లుగా మందులు వాడటం, రొమ్ము క్యాన్సర్‌కో ప్రోస్టేట్ క్యాన్సర్‌కో హార్మోన్లను తగ్గించే చికిత్స, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి. అన్నింటికంటే బలమైన కారణం ఒకటుంది, అది తర్వాతి జవాబులో చెబుతాను.

మా అమ్మ జారిపడి చెయ్యి విరిగింది. పుత్తూరు కట్టు కట్టించాం, బాగా అతుక్కుంది. ఇక పరీక్ష దేనికి?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మా అమ్మే గుర్తొస్తుంది. పలమనేరు దగ్గర మా ఊళ్లో, బట్టలుతికే బండ దగ్గర కాలు జారి చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. అప్పుడామెకు 57 ఏళ్లు. ఒక ఆసుపత్రిలో పిండికట్టు వేశారు, ఆరు వారాలకు విప్పారు, చెయ్యి పూర్వంలాగే పనిచేసింది. అందరం సంతోషించాం. ఎనిమిదేళ్ల తర్వాత రాత్రి మూత్రానికి లేచి, గడప తగిలి పడింది. ఈసారి తుంటి ఎముక. ఆపరేషన్ తర్వాత ఆమె మళ్లీ పొలం గట్టు మీద నడవలేదు. మొదటిసారి విరిగినప్పుడు బండ మీద పాచిని తిట్టుకున్నామే తప్ప, నిలబడిన ఎత్తు నుంచి పడితేనే ఎముక ఎందుకు విరగాలి అని మా ఇంట్లో ఎవరమూ అనుకోలేదు. కట్టు వేసినవారూ చెప్పలేదు. నేను అప్పటికి ఈ పనిలోకి రాలేదు.

బండి మీద నుంచి పడితే, చెట్టు మీద నుంచి పడితే ఎవరి ఎముకైనా విరుగుతుంది. నిలబడిన చోట పడినందుకే, లేదా బిందె ఎత్తినందుకే విరిగిందంటే మాత్రం ఆ ఎముకలో బలం లేదని అర్థం. యాభై దాటాక అలా వెన్నుపూసో తుంటో విరిగితే, స్కాన్‌లో అంకె ఎంత వచ్చినా వైద్యులు దానిని ఆస్టియోపోరోసిస్‌గానే చూస్తారు. మణికట్టు విరిగితే అది ముందస్తు హెచ్చరిక. ఒకసారి అలా విరిగినవారికి మరొకటి విరిగే ముప్పు బాగా పెరుగుతుంది. ఆ తర్వాతి ఒకటి రెండేళ్లలో మరీ ఎక్కువ.

పుత్తూరు కట్టు మీద మన ప్రాంతంలో తరాల నమ్మకం ఉంది. తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా వస్తారు. ఆ మాట కాదనడానికి నేను ఇది రాయడం లేదు. కట్టు అయినా, పిండికట్టు అయినా, లోపల రాడ్ వేసినా చేసేది ఒకటే: విరిగిన చోటును అతికించడం. మిగిలిన ఎముకలు ఎలా ఉన్నాయో వాటిలో ఏదీ చెప్పదు. కట్టు విప్పిన నెలలోనే సాంద్రత పరీక్షకు తీసుకురండి. ఒక్క హెచ్చరిక: పెద్దవాళ్లు పడి, కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్టుగా కనిపించి, నిలబడలేకపోతే అది తుంటి కావచ్చు. వారిని కట్టు కోసం తిప్పవద్దు. శస్త్రచికిత్స చేసే ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లండి. వీలైతే 48 గంటల్లోపు ఆపరేషన్ జరగడం ప్రాణానికే మంచిది.

మామూలు ఎక్స్‌రే సరిపోదా?

సరిపోదు. ఎముకలో దాదాపు మూడో వంతు కరిగిపోతేగానీ మామూలు ఎక్స్‌రేలో తేడా కంటికి కనబడదు. విరిగిందా, వెన్నుపూస అణిగిందా అన్నది చూడటానికి మాత్రం ఎక్స్‌రే కావాలి.

మా ఊరి శిబిరంలో మడమ మీద యంత్రం పెట్టి ఉచితంగా చూశారు. ఎముకలు బలహీనంగా ఉన్నాయని చీటీ ఇచ్చారు. నమ్మవచ్చా?

అది అల్ట్రాసౌండ్ యంత్రం. మడమ ఎముక గుండా ధ్వని తరంగాలు వెళ్లే తీరును కొలుస్తుంది. వాడటం తేలిక, రేడియేషన్ ఉండదు, పల్లెకు మోసుకెళ్లవచ్చు. ఎవరిని పెద్ద పరీక్షకు పంపాలో తేల్చడానికి పనికొస్తుంది. అయితే ఆ చీటీ ఆధారంగా రోగం ఉందని నిర్ధారించకూడదు, మందు మొదలుపెట్టకూడదు, మందు పనిచేస్తోందో లేదో చూడకూడదు. చీటీలో ఎర్ర రంగు చూసి భయపడి, అక్కడికక్కడే వేల రూపాయల మాత్రలు, పొడుల డబ్బాలు కొన్నవారిని చూశాను. నాకు చాలా బాధ కలిగింది. ఆ డబ్బుతో అసలు పరీక్ష అయిపోయేది. చీటీలో బాగుందని వచ్చినా, పైన చెప్పిన ముప్పులు ఉంటే నిశ్చింతగా ఉండవద్దు.

ఎక్కడ చేయించుకోవాలి?

కావాల్సింది నడుమునూ తుంటినీ నేరుగా కొలిచే డెక్సా యంత్రం. తిరుపతిలో స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల ఎండోక్రినాలజీ (హార్మోన్ల జబ్బుల) విభాగంలోనో, ఎముకల వైద్యుల దగ్గరో అడిగితే దారి చూపిస్తారు. చిత్తూరు, గుడిపాల వైపు వారికి వేలూరులోని సీఎంసీ ఆసుపత్రి దగ్గరవుతుంది. ప్రైవేటు డయాగ్నస్టిక్ కేంద్రాలకు వెళ్లేటట్టయితే ముందు ఫోను చేసి రెండు విషయాలు కనుక్కోండి: నడుము, తుంటి రెండూ తీస్తారా, రుసుము రెండింటికీ కలిపేనా. యంత్రం ఆ రోజు పనిచేస్తోందా అన్నది కూడా. కుప్పం నుంచి బస్సెక్కి వచ్చి తిరిగివెళ్లిన వారున్నారు.

పరీక్ష రోజు ఎలా రావాలి?

అన్నం తినే రావచ్చు, పరగడుపు అక్కర్లేదు. బీపీ, షుగరు మాత్రలు మామూలుగా వేసుకోండి. కాల్షియం మాత్ర మాత్రం ముందు 24 గంటలు మానండి. కరగని మాత్ర కడుపులో ఉంటే నడుము చిత్రంలో తెల్లటి మచ్చలా పడి అంకెను పెంచుతుంది. కాంట్రాస్టు మందుతో సీటీ స్కాన్, బేరియం పరీక్ష, న్యూక్లియర్ స్కాన్ వంటివి ఈమధ్య జరిగి ఉంటే ముందే చెప్పండి. ఒకటి రెండు వారాలు ఆగాల్సి ఉంటుంది. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నా చెప్పాలి.

లోహం అడ్డు రాకూడదు. మొలతాడు, వడ్డాణం, నడుము దగ్గరి పిన్నీసులు, ప్యాంటు జిప్పు, జేబులో నాణేలు తీసేయాలి. తాళి తీయమంటారేమోనని చాలామంది తల్లులు బెదురుతూ వస్తారు. తీయనక్కర్లేదు. గొలుసు పొడవుగా ఉంటే పైకి జరిపి భుజం పక్కన పెట్టుకుంటే చాలు, మెడ భాగం చిత్రంలోకి రాదు. వదులైన నూలు బట్టలు వేసుకొస్తే మరీ సులువు.

వెల్లకిలా పడుకోబెడతాం. నడుము తీసేటప్పుడు కాళ్ల కింద ఎత్తు పెడతాం, తుంటి తీసేటప్పుడు పాదాన్ని కొంచెం లోపలికి తిప్పి పట్టీ వేస్తాం. సూది లేదు, గుహలాంటి గొట్టంలోకి పంపడమూ లేదు. కదలకుండా ఉంటే చాలు.

రేడియేషన్ ప్రమాదమా?

ఇందులో వాడే ఎక్స్‌రే మోతాదు చాలా తక్కువ. ఒకటి రెండు రోజుల్లో నేల నుంచి, ఆకాశం నుంచి మనకు సహజంగా అందేంత ఉంటుంది. స్కాన్ జరుగుతుండగా నేను అదే గదిలో మీ పక్కనే కూర్చుంటాను.

రిపోర్టులో టీ-స్కోర్ మైనస్ 2.7 అని ఉంది. మైనస్ అంటే ఎముక లేనట్టా?

ఈ మైనస్ గుర్తు చూసి ఏడ్చినవారు ఉన్నారు. ఇది పరీక్ష మార్కు కాదు, పోలిక మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న ఇరవై, ముప్పై ఏళ్ల వారి సగటు ఎముక సాంద్రతను సున్నా అనుకుంటే, మీది దానికి ఎంత కింద ఉందో, ఎంత పైన ఉందో చెప్పే అంకె ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీసిన గీతలనే ఇప్పటికీ వాడుతున్నాం. మైనస్ 1 వరకు మామూలు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ నడుమ ఉంటే సాంద్రత తగ్గినట్టు, దానిని ఆస్టియోపీనియా అంటారు. మైనస్ 2.5, అంతకంటే కింద ఉంటే ఆస్టియోపోరోసిస్. ఒక్కో అంకె కిందికి దిగేకొద్దీ విరిగే ముప్పు సుమారుగా రెట్టింపవుతుంది.

నడుము, తుంటి, తుంటి మెడ భాగం, ఇలా రెండు మూడు అంకెలుంటాయి. వీటిలో అన్నిటికంటే కిందిదాన్ని బట్టి నిర్ణయిస్తారు. నడుము బాగుంది, తుంటి తగ్గింది అని వస్తే అయోమయపడకండి. వయసు పైబడినవారిలో వెన్నుపూసల అంచుల్లో ముళ్లలా ఎముక పెరుగుతుంది, పక్కనే పోయే రక్తనాళంలో సున్నం పేరుకుంటుంది. యంత్రం వాటినీ ఎముకగానే లెక్కిస్తుంది. అణిగిపోయిన వెన్నుపూస కూడా ఇరుకై గట్టిపడినట్టు కనిపించి అంకెను పెంచుతుంది. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగిన ఊళ్ల వారిలోనూ ఇంతే: సాంద్రత ఎక్కువగా కనబడుతుంది, ఎముక మాత్రం పెళుసుగానే ఉంటుంది. మీ ఊరి నీటిలో ఫ్లోరైడు సమస్య ఉంటే ఆ మాట చెప్పండి. అంకె ఒక్కటే చూసేవారికి అది తెలియదు.

రిపోర్టుతో పాటు చిత్రాలు కూడా అడిగి తీసుకోండి. వైద్యులు అంకెకంటే ముందు చిత్రం చూడాలి.

జెడ్-స్కోర్ అంటే మరేమిటి?

అది మీ ఈడు వారితో పోలిక. ముట్లు ఇంకా ఆగని స్త్రీలకు, యాభై లోపు పురుషులకు దీన్నే చూడాలి. మైనస్ 2, అంతకంటే తక్కువ వస్తే వయసుకు ఉండాల్సినంత లేదని అర్థం. వేరే జబ్బు ఏదో ఎముకను తింటోందేమో వెతకాలి. ముప్పై ఏళ్ల అమ్మాయి టీ-స్కోర్ చూసి ఆస్టియోపోరోసిస్ అని ముద్ర వేయకూడదు.

ఆస్టియోపీనియా అని వచ్చింది. వెంటనే మందు వాడాలా?

అందరికీ అక్కర్లేదు. ఇక్కడే మనిషి చరిత్ర లెక్కలోకి వస్తుంది. ఫ్రాక్స్ అనే లెక్క ఒకటుంది. ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వారు 2008లో తయారుచేశారు, భారతీయులకు విడిగా పట్టిక ఉంది. వయసు, బరువు, పాత విరుపులు, తల్లిదండ్రుల తుంటి విరుపు, స్టెరాయిడ్లు, పొగ, మద్యం వంటివి ఇస్తే రాబోయే పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంతో చెబుతుంది. ఒకే మైనస్ 2 ఉన్న ఇద్దరిలో 52 ఏళ్ల ఆమెకు నడక, ఆహారం చాలు అనవచ్చు, స్టెరాయిడ్ వాడుతున్న 70 ఏళ్ల ఆమెకు మందు తప్పనిసరి అనవచ్చు. అందుకే ఒకరి రిపోర్టుతో మరొకరు పోల్చుకోవద్దు.

స్కాన్ అయ్యాక మళ్లీ రక్త పరీక్షలు ఎందుకు? అందులోనూ తిరుపతి ఎండల్లో విటమిన్ డి లోపమా?

సాంద్రత తగ్గిందని మాత్రమే యంత్రం చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. విటమిన్ డి బాగా తగ్గితే ఎముకకు సున్నం పట్టదు, మెత్తబడుతుంది. అది ఆస్టియోమలేసియా అనే వేరే జబ్బు, చికిత్సా వేరు. స్కాన్‌లో రెండూ ఒకేలా కనబడతాయి. తొడల్లో, పక్కటెముకల్లో ఎడతెగని నొప్పి, కింద కూర్చుంటే లేవలేకపోవడం ఉంటే అది గుర్తుకు రావాలి. అందుకే కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, విటమిన్ డి, థైరాయిడ్, అవసరమైతే పారాథైరాయిడ్ హార్మోన్ చూస్తారు.

ఎండ విషయానికి వస్తే, ఇది మన ఊళ్లోనే తేలిన సంగతి. స్విమ్స్ పరిశోధకులు తిరుపతి, చుట్టుపక్కల పల్లెల ఆరోగ్యవంతులను పరీక్షించి 2007లో అమెరికా పోషకాహార వైద్య పత్రికలో ప్రచురించారు. పల్లెల్లోనూ పట్నంలోనూ ఆహారంలో కాల్షియం తక్కువ, విటమిన్ డి లోపం విస్తారం. పొలంలో పనిచేసేవారు పట్నం వారికంటే కొంత మేలు. ఇంకో పరిశీలనలో తిరుపతి ఎండలో ఏ వేళ విటమిన్ డి బాగా తయారవుతుందో కొలిస్తే, ఉదయం పదకొండుకూ మధ్యాహ్నం రెండుకూ నడుమ అని తేలింది. ఏడింటి లేత ఎండలో నడవడం ఒంటికి మంచిదే, విటమిన్ డికి మాత్రం అది చాలదు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే అసలే రాదు. అలాగని ముసలివారిని మే నెల నడిఎండలో కూర్చోబెట్టకండి. కార్తీకం నుంచి మాఘం దాకా చేతులు, కాళ్లు తెరిచి కొద్దిసేపు కూర్చుంటే మేలు.

అరవై వేల యూనిట్ల పొడి పొట్లాలు వైద్యులు సాధారణంగా వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తారు. ఆ చీటీతోనే మందుల దుకాణంలో ఏడాది పొడవునా కొని తాగేవారిని, వారానికొకటి అన్నదాన్ని రోజుకొకటి అనుకున్నవారిని చూశాను. విటమిన్ డి ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎన్ని వారాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి.

రోజూ రాగి సంకటి తింటాం. కాల్షియం చాలదా?

రాగులు మన సీమ బలం. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉన్నది నామమాత్రం. కానీ సంకటిలో బియ్యం కూడా కలుస్తుంది, రాగుల్లోని ఫైటేట్లు కాల్షియాన్ని పూర్తిగా ఒంటికి పట్టనివ్వవు. రాగులు నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టించినా, అంబలిని పులియబెట్టినా ఆ అడ్డు తగ్గుతుంది. మన పెద్దవాళ్ల పులిసిన అంబలి అందుకే గొప్పది.

జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లు ఆగిన స్త్రీలకు 1200 కావాలి. గ్లాసు పాలో, పెరుగో 240 దాకా ఇస్తుంది. నువ్వుల పొడి, మునగాకు, తోటకూర, ఉలవలు, కరివేపాకు తోడైతే సగానికి పైగా పళ్లెంలోనే వస్తుంది. చిత్తూరు వైపు నుంచి వచ్చే తల్లులను నేనొకటి అడుగుతాను: ఇంట్లో రెండు ఆవులున్నాయి కదా, మీరు రోజూ ఎన్ని పాలు తాగుతారు? చాలామంది నవ్వేసి, టీలో వేసుకుంటాం అంటారు. తెల్లవారకముందే లేచి పాలు పితికి, కేంద్రంలో పోసి, ఖాళీ క్యానుతో తిరిగివచ్చే ఆమె ఎముకలే గుల్లబారడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. పూటకొక గ్లాసు ఇంట్లో ఉంచుకోండి. తక్కువపడినంత మేరకే మాత్ర. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు వైద్యులను అడిగే వేసుకోవాలి.

మందులు వాడితే దవడ ఎముక పాడవుతుందని విన్నాను. నిజమా?

అలాంటిది ఉంది, కానీ ఎముకలు గుల్లబారినందుకు ఇచ్చే మోతాదుల్లో చాలా అరుదు. మందు మొదలుపెట్టే ముందు పళ్లు పీకించుకోవడం వంటివి ఉంటే పూర్తిచేసుకోవాలి. తొడ ఎముకలో అరుదైన విరుపు కూడా ఏళ్ల తరబడి వాడినవారిలో రావచ్చు. అందుకే మాత్రలైతే దాదాపు ఐదేళ్లకు, ఏటా ఇచ్చే ఇంజెక్షనైతే మూడేళ్లకు వైద్యులు ఆగి మళ్లీ అంచనా వేస్తారు. మందు వల్ల తప్పే తుంటి విరుపులతో పోలిస్తే ఈ ప్రమాదం చాలా చిన్నది.

వారానికొక అలెండ్రొనేట్ మాత్ర పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంట పాటు పడుకోకూడదు, కాఫీ తాగకూడదు. లేకపోతే గొంతు గొట్టంలో పుండు పడుతుంది, మందు కూడా ఒంటికి పట్టదు. జొలెండ్రొనిక్ ఆమ్లం ఏడాదికొకసారి సెలైనుతో ఎక్కిస్తారు. మొదటిసారి ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ గురించి ఒక్కటి మరవద్దు: దాన్ని చెప్పకుండా మానేయకూడదు. మానితే పోగైన ఎముక త్వరగా కరిగి, వెన్నుపూసలు ఒకదాని తర్వాత ఒకటి విరగవచ్చు. తేదీని ఇంటి పంచాంగం మీద రాసిపెట్టండి.

ఎముకలు గుల్లబారాయన్నారు. కొండకు నడిచి వెళ్తానని మొక్కుకున్నాను. ఎక్కవచ్చా?

ఇది మా ఊళ్లోనే అడిగే ప్రశ్న. నాకు ఇష్టమైనది కూడా, ఎందుకంటే శరీరం బరువును కాళ్లు మోసే నడక, మెట్లు ఎక్కడం ఎముకకు మేలే చేస్తాయి. వెన్నుపూస విరగనివారు, తూలిపడని వారు, గుండె, మోకాళ్లు బాగున్నవారు వైద్యులను అడిగి మెల్లగా ఎక్కవచ్చు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ముందు నెల రోజులు ఇంటి దగ్గర నడక అలవాటు చేసుకోండి. సామాను తలమీద, నడుం మీద మోయవద్దు. వాన కురిసి మెట్లు తడిసిన రోజున వద్దు. దిగేది మాత్రం బస్సులోనే. దిగేటప్పుడే ఎక్కువమంది జారుతారు.

మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద ఎక్కడం, అంగప్రదక్షిణం వేరే సంగతి. పొర్లేటప్పుడు వెన్ను మెలితిరుగుతుంది, వెన్నుపూస ఇదివరకే అణిగినవారికి అది ప్రమాదం. ముందుకు పూర్తిగా వంగి పాదాలు తాకే ఆసనాలు, వంగి నీళ్ల బిందె ఎత్తడం కూడా వారికి కూడవు. మొక్కు ఉందని కన్నీళ్లు పెట్టుకున్న ఒక పెద్దమ్మతో, ఆ మొక్కును నడకగా మార్చుకునే వీలుందేమో ఇంట్లో పెద్దలను అడగమన్నాను. ఆమె మార్చుకున్నారు.

మళ్లీ ఎన్నాళ్లకు చేయించుకోవాలి?

మందు మొదలుపెట్టినవారికి ఒకటి రెండేళ్లకు. వీలైతే అదే యంత్రం మీద. యంత్రం మారితే అంకెలు పోల్చడం కష్టం. ఆరు నెలలకే చేయించి, కొద్దిగా తగ్గిందని దిగులు పడకండి. అంత చిన్న తేడా కొలతలోని హెచ్చుతగ్గు మాత్రమే కావచ్చు.

మా అవ్వకు 84 ఏళ్లు. ఈ వయసులో పరీక్ష, మందులు ఎందుకు?

ఆమె నడుస్తోంది కనుక. తన పని తాను చేసుకుంటోంది కనుక. ఎముకను కాపాడే మందులు ఆ వయసులోనూ పనిచేస్తాయి, ఏడాదిలోపే విరుపులను తగ్గించడం మొదలుపెడతాయి. మందు రాసేలోగా ఇంట్లో మీరు చేయగలిగింది చేయండి: మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రి చిన్న దీపం, గోడకు పట్టుకునే కడ్డీ, తడి నేలకు జారని చాప, కంటి శుక్లాల పరీక్ష, నిద్రమాత్రలు ఉంటే వైద్యులతో ఒక మాట. వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితాలు, వాడుతున్న మాత్రల అట్టలు ఒకే సంచిలో వేసుకు రండి. అవ్వను మెట్లు ఎక్కించవద్దు. కింద ఆగి కబురు పంపితే చక్రాల కుర్చీ తీసుకుని నేనే వస్తాను.